తెర మీద పచ్చబడిన తోట

ఆ పొద్దున మబ్బు కొండ మీంచి జారి ఊరి కప్పుల మీద కూర్చుంది. వాన కురవదు, ఎండ రాదు. రసేమా బస్సెక్కేసరికి మామగారు ఆవ్‌దియా, లోపలికి వెళ్లొద్దని హద్దుగా కట్టిన ఎర్ర పట్టీ దగ్గర నిలబడి అవతలి ప్లమ్ తోటను చూస్తున్నాడు. రోజూ చూసేదే. యుద్ధం ముగిసిన మొదటి వసంతంలో ఆయన కొడుకు, అంటే రసేమా భర్త, కొమ్మలు నరకడానికని అందులోకి వెళ్లాడు. మందుపాతర పేలింది. ఆ తర్వాత తోటలో ఎవరూ కాలు పెట్టలేదు.

రసేమా మాత్రం ఊరూరా తిరిగి పరాయివాళ్ల పొలాల్లో మందుపాతరలు తీసే పని చేసింది. సొంత తోట వంతు ఏటికేడు వెనక్కి పోతూనే ఉంది. మోకాళ్లు అరిగాక ఆమెను ఆఫీసులో కూర్చోబెట్టి కంప్యూటర్ నేర్పిస్తున్నారు.

"ఇది నేర్చుకునే మ్యాపు, అసలుది కాదు," అన్నాడు పాఠం చెప్పే వెద్రాన్. "ఎక్కడైనా ఒక నేల ముక్క గీయండి. వివరాలు నింపి, పాతరలు తీసేశాం అని పెట్టండి. ఎరుపు పోయి పచ్చబడుతుంది."

"మా అత్తగారి వంటిల్లు గీశాను సార్," అన్నాడు ఆమెతోపాటు పనిచేసిన స్లావ్కో. "ప్రమాదం లేదని పెట్టడానికే చెయ్యి రావడం లేదు."

అందరూ నవ్వారు. రసేమా తలెత్తలేదు. ఆమె తన తోట గీసింది. వాగు మూల, కూలిన కంచె, బావి. నొక్కింది. పచ్చబడింది. చాలాసేపు చూసి, ఫోనుతో ఫొటో తీసి, విదేశంలో, గ్రాత్స్‌లో ఉన్న ఆడపడుచు ఇజేతాకు పంపింది. ఒక్క ముక్కా రాయలేదు.

మధ్యాహ్నం ఇజేతా ఫోన్ చేసింది. "వదినా, ఇన్నాళ్లకి! నాన్నకి చెప్పేశాను. ఏడ్చేశాడు తెలుసా."

"అది పాఠంలో గీసిన బొమ్మే, ఇజేతా."

"మరి ఆ మాట రాసి చావొచ్చు కదా!"

రసేమా వెంటనే మామగారికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. స్లావ్కో కారు తీశాడు. దారి పొడుగునా ఒక్క హాస్యమూ ఆడలేదు.

ఆవ్‌దియా పట్టీకి ఇవతలే ఉన్నాడు. పండగ కోటు తొడుక్కుని, పదును పెట్టిన కొడవలిని కంచెకు ఆనించి, గుడ్డ మీద జున్ను కూరి కాల్చిన పిటా, పెరుగు పెట్టుకుని కూర్చున్నాడు.

"లోపలికి వెళ్లలేదు కదా మామయ్యా?"

"ఎలా వెళ్తానే? పాతర తీసినవాళ్లు ముందు నడవాలి, ఆసామి వెనక నడవాలి. అందరి పొలాల్లోనూ నువ్వే నడిచావు. ఇవాళ నా ముందు నడు తల్లీ."

ఒక్క క్షణం నిజంగానే నడిచేద్దామనిపించింది ఆమెకు. ఆయన వెనక వస్తాడని గుర్తొచ్చి ఆగింది.

"ఎవరూ తియ్యలేదు మామయ్యా. పాఠంలో నేనే గీశాను. మన తోట పచ్చగా ఉంటే ఎలా ఉంటుందో చూద్దామని."

ఆయన కొడవలి తీసుకుని, గోనెగుడ్డ చుట్టి, తాడు కట్టాడు. ముడి సరిగా పడక మళ్లీ కట్టాడు.

"ఎలా ఉంది మరి?"

"బాగుంది."

"ఊఁ." గుడ్డ మీది ఆకు తీసి పారేశాడు. "కూర్చో. నువ్వూ రావయ్యా, కారు దగ్గర నిలబడతావేం?"

పిటా చల్లారిపోయింది. ముగ్గురూ తోటకేసి తిరిగి తిన్నారు. అవతల గడ్డిలో పండిన ప్లమ్‌లు రాలుతూనే ఉన్నాయి.