రాణిగారి అక్క

గువ్వకు తారీఖులతో ఎప్పుడూ పేచీ లేదు. ఏ రాజు ఎప్పుడు గద్దెనెక్కాడో, ఎవరు ఎవరితో ఎన్నేళ్లు కొట్టుకున్నారో గడగడా అప్పజెప్పేది. కిందటేడు ఆ గడగడే కొంప ముంచింది. హైస్కూలు చివర్లో రాసే ఆ పెద్ద చరిత్ర పరీక్ష పేపర్లు కాలేజీవాళ్లే దిద్దుతారు. ఏం జరిగిందో రాస్తే వాళ్లకు చాలదు, ఎందుకు జరిగిందో తేల్చమంటారు. గువ్వ తప్పింది. ఈ ఏడు ఇంకొక్కసారి రాయనిస్తారు. ఇదీ పోతే చరిత్ర చదువుకు తలుపు మూసుకున్నట్టే. ఆ పిల్లకేమో ఆ చదువు తప్ప మరో ధ్యాస లేదు.

"నువ్వు రాసిన దాంట్లో యుద్ధాలున్నాయి, ఒప్పందాలున్నాయి. మనుషులే లేరమ్మా," అన్నారు హిస్టరీ మాస్టారు. మనుషుల్ని ఎక్కణ్ణించి తెచ్చుకోవాలో మాత్రం చెప్పలేదు. మాస్టార్లంతా ఇంతే, రోగం పేరు చెప్పి మందు మనల్ని వెతుక్కోమంటారు.

మందు పిన్ని దగ్గర దొరికింది. తల్లి జబ్బుచేసి పోయినప్పటినుంచీ గువ్వను పెంచింది పిన్నే. వీధి మలుపులో ఆవిడకు చిన్న దర్జీ కొట్టు. కోట్లు బిగించడం, ప్యాంటు అంచులు మడవడం, కర్టెన్లు కుట్టడం, రోజంతా అదే పని. బడి అయ్యాక గువ్వ కటింగ్ బల్ల చివర కూర్చుని పైకి చదివేది.

"చేతులే ఖాళీ లేవు, చెవులు ఖాళీగానే ఉన్నాయి. చెప్పు," అనేది పిన్ని.

చెప్పనిస్తే కదా. రెండు వాక్యాలు అయ్యేసరికి మిషను ఆగేది. "అదేమిటే, సొంత తమ్ముణ్ణి జైల్లో పెట్టాడా? ఎందుకు?" గువ్వకు తెలిసేది కాదు. పుస్తకం తిరగేసి ఏదో ఒకటి చెబితే పిన్ని ఒప్పుకునేది కాదు. "అంత మాత్రానికి పెడతారా ఎవరైనా. ఇంకేదో ఉంది, చూడు." మొదట్లో గువ్వకు తల ప్రాణం తోకకొచ్చేది. రానురాను, పిన్ని అడగకముందే తనే అడుక్కోవడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రాలు చిత్రంగా ఉండేవి. ఇస్త్రీపెట్టె ఆవిరి గది పైకప్పు దాకా లేచేది. కిటికీలోంచి వాలిన ఎండలో నూలు పీచు తేలేది. మిషను చప్పుడుకు గువ్వ కళ్లు సగం మూతపడేవి, ఆ సగం చూపులో రాజులు కొట్లోకి వచ్చేవారు. గిరాకీలు కూర్చునే బెంచీ మీద మంత్రులు సర్దుకుని కూర్చునేవారు. ఒక చక్రవర్తి చేతులు చాచి నిలబడితే పిన్ని మెడలో టేపు తీసి ఛాతీ కొలిచి, "బాగా చిక్కిపోయారే," అనేది. వాళ్లెవరూ గువ్వను తారీఖులు అడగలేదు. తమ గోడు తాము చెప్పుకుని ఆవిరిలో కలిసిపోయేవారు.

అందరిలోకీ గువ్వకు ఇష్టమైనది కోట వదులుకున్న రాణి. చుట్టూ శత్రుసైన్యం దిగింది. లోపల గిడ్డంగుల నిండా ధాన్యం, గోడల మీద కావలసినంత బలగం. ఒకనాటి పొద్దున రాణి తనే కోట తలుపులు తెరిపించి తాళాలు ఇచ్చేసింది. పుస్తకంలో అంతకు మించి లేదు.

"భయపడిందేమో," అంది గువ్వ.

"భయపడే మనిషి అన్నాళ్లు తలుపు బిగించుకుని కూర్చుంటుందా?" పిన్ని నోట్లోని గుండుసూదులు తీసి పక్కన పెట్టింది. "లోపల ఆమెకు ఓ అక్క ఉండుంటుంది. జబ్బు మనిషి. వైద్యుడు కోట బయట ఎక్కడో ఉంటాడు. ఇంకేం చేస్తుంది మరి."

అంతే, ఆ అక్క కొట్లో స్థిరపడిపోయింది. ఆమెకు మెట్లెక్కితే ఆయాసమని మంచం కింది గదికి దించారు. గోరువెచ్చని నీళ్లు తప్ప గొంతు దిగేవి కావు. రాత్రి దగ్గు తెర వస్తే రాణి వీపు నిమురుతూ కూర్చునేది. ఇవన్నీ పిన్నే చెప్పేది, తడుముకోకుండా. గువ్వ కళ్లు మూసుకుంటే చాలు, కింది గది కిటికీ దగ్గర ఆ మనిషి కనబడేది.

పరీక్షలో సరిగ్గా రాణే వచ్చింది. మూడు పాత కాగితాల నకళ్లు ఇచ్చారు: శత్రు సేనాపతి తన రాజుకు పంపిన నివేదిక, గిడ్డంగి లెక్క, తాళాలు అప్పగించిన ఒప్పందం. వీటిని బట్టి రాణి కోటను ఎందుకు వదులుకుందో చర్చించండి. గువ్వకు ఎగిరి గంతేయాలనిపించింది. కలం పట్టుకుని అక్క గురించి సగం పేజీ ఏకబిగిన రాసేసింది.

అంతలో కలం ఆగింది. అక్క ఏ పుటలో ఉంది? కళ్లు మూసుకుని పుస్తకం గుర్తు చేసుకోబోతే మిషను చప్పుడు, దాని మీదుగా పిన్ని గొంతు, అంతే వినబడ్డాయి. ఏది చదివిందో, ఏది కొట్లో పుట్టిందో విడదీయడం తన వల్ల కాలేదు. మూడు కాగితాలూ మళ్లీ మళ్లీ చదివింది. ఎక్కడా అక్క లేదు. ఉంచితే జవాబు అందంగా ఉంటుంది. తీసేస్తే ఏమీ మిగలదు, ఏడాదంతా బూడిదలో పోసిన పన్నీరే. అయినా లేని మనిషిని ఉందని రాయడానికి మనసొప్పలేదు. జబ్బు మనిషిని చేయి పట్టి బయటికి పంపుతున్నట్టు, కన్నీళ్లు ఆపుకుంటూ ఆ సగం పేజీ కొట్టేసింది.

తర్వాత మెల్లగా, పిన్ని అడిగే తీరులోనే అడుక్కుంటూ రాసింది. ధాన్యం ఉంది కాబట్టి ఆకలి కాదు. రాణి భయపడిందని సేనాపతి అంటున్నాడు, కానీ అలా అంటే గొప్ప ఎవరికి? ఆయనకే. రాణి మాట మాత్రం ఈ మూడింట్లోనూ లేదు. ఆమెను ఎవరూ అడిగినట్టు లేదు. కాబట్టి కారణం మనకు తెలియదు, భయమని తేల్చడం అన్యాయం.

ఆ పిల్ల పాసయింది, మంచి మార్కులతోనే. ఆ సంగతి ఇక్కడే చెప్పేస్తున్నాను, లేకపోతే మీరు మిగతాది స్థిమితంగా వినరు. కానీ ఆ రోజు ఇంటికి నడుస్తున్నప్పుడు గువ్వకు అదేమీ తెలియదు. సేనాపతి నివేదికే తలలో తిరుగుతోంది. అలాంటి మాట ఎక్కడో విన్నట్టుంది. కొట్టు మలుపు తిరిగేసరికి గుర్తొచ్చింది.

పిన్ని ఒకప్పుడు నగరంలో పెద్ద కుట్టు కార్ఖానాలో కటింగ్ మాస్టరు. ఆమె చేతి కింద బోలెడంతమంది పనిచేసేవారు. "పని తట్టుకోలేక వదిలేసి వచ్చింది," అని మామయ్య ఎప్పుడు వచ్చినా నవ్వుతూ అనేవాడు. గువ్వ అదే నమ్మింది. ఇన్నేళ్లూ నమ్మింది.

"ఎలా రాశావే?" అంది పిన్ని తలెత్తకుండానే.

"రాణికి అక్క లేదు పిన్నీ. మనమే పెట్టాం."

మిషను ఆగింది. "లేదా?" పిన్ని ముఖం చిన్నబోయింది. "అయ్యో. నిజంగా ఉందనే అనుకున్నానే."

"నువ్వు కార్ఖానా వదిలింది అమ్మ కోసమే కదా?"

పిన్ని దారం కొస కొరికి, సూదిలోకి ఎక్కించబోయింది. ఎక్కలేదు. మళ్లీ ప్రయత్నించింది.

"మామయ్య అలా అంటుంటే ఊరుకున్నావేం?"

"ఎవరైనా అడిగితే కదా చెప్పడానికి."

గువ్వకు సిగ్గుతో ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చచ్చిపోయి వందల ఏళ్లైన రాజుల్ని ఒక్కొక్కరినీ ఎందుకు, ఎందుకు అని నిలదీసింది. ఎదురుగా కూర్చున్న మనిషిని ఒక్కసారీ అడగలేదు. సంచీ కింద పెట్టి, బెంచీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"ఇప్పుడు అడుగుతున్నాను. మొదట్నుంచీ చెప్పు."

పిన్ని చేతిలోని గుడ్డను మడిచి పక్కన పెట్టింది.

"మీ అమ్మ చాలా గట్టిగా నవ్వేది," అని మొదలుపెట్టింది. "ముందు నీకు అది తెలియాలి."