ఎడమవైపు వెనక చక్రం

"క్లచ్ మీద కాలు తీయకుంట నడుపుతవు. కాలిన వాసన రాకపోతే ఏమొస్తది?" అన్నాడు మా ఆయన దేవరాజ్, నేను పెనం మీద రొట్టె తిరగేస్తుంటే. కారు గేటు బయట ఉంది. ఆయన వంటింటి గుమ్మంలో టీ గ్లాసుతో నిలబడి ఉన్నాడు. అక్కణ్ణుంచే రోగం కనిపెట్టాడు. "ఫ్యాక్టరీల రోజూ ఇంజన్లు చూసేటోన్ని, నాకు తెల్వదా?" మా అత్త బస్వమ్మ జొన్నపిండి జల్లిస్తూ తలెత్తకుండా, "ఆడమనిషి చేతికి బండెందుకురా అని నేను అప్పుడే అన్న" అంది. వాళ్లిద్దరూ నా గురించి మాట్లాడుకునేటప్పుడు నేను అక్కడే ఉంటానన్న సంగతి ఎవరికీ అడ్డం రాదు. నేను మాత్రం రొట్టె మాడకుండా చూసుకున్నాను.

వాసన మొదలై మూడు వారాలైంది, అప్పటి నుంచీ ఆయనది ఇదే మాట. ఆ రోజు తీర్పు కూడా వచ్చేసింది. "ఆదివారం తమ్ముడొస్తడు, బండి వానికిద్దాం. నువ్వు మునుపటి లెక్క ఆటోల పో." ఆ తమ్ముడు అమర్నాథ్. బండేమో నా జీతం మీద లోను తీసుకుని, నా పేరు మీద కొన్నది. మొగుడంపల్లి మండలంలో నేను వ్యవసాయ విస్తరణాధికారిని. నాలుగేళ్ల కిందటి దాకా షేర్ ఆటోలో పదిమంది మధ్య ఇరుక్కుని ఇల్లు చేరేసరికి ఏడున్నర దాటేది, చెప్పులు విప్పగానే బియ్యం కడిగేదాన్ని. కారొచ్చాక పోనూ రానూ అరగంట చొప్పున నాకు దొరికింది. ఆ అరగంటలో ఉప్పెక్కడుందని నన్నెవరూ అడగరు. ఇంట్లో నేను తలుపేసుకుని కూర్చునే గది ఒక్కటీ లేదు. కారుకు నాలుగు తలుపులున్నాయి.

నిజం చెప్పాలంటే మొదట నేనూ నమ్మాను. రెండు వారాలు నా ఎడమకాలిని దొంగను కాపలా కాసినట్టు కాశాను. గేరు మార్చగానే కాలు వెనక్కి లాక్కునేదాన్ని, పిక్కలు పట్టేసేవి. అయినా వాసన వచ్చేది, నేను ఇంకా సిగ్గుపడేదాన్ని. ఎవరైనా రైతు వాడిపోయిన కంది మొక్క పట్టుకొస్తే, ఎప్పటి నుంచి, చేనులో ఏ పక్కన, వాన ముందా తర్వాతా అని పది ప్రశ్నలు వేస్తాను. నా కారును ఒక్క ప్రశ్న కూడా అడగలేదని శనివారం పొద్దున తట్టింది. అప్పుడు గమనించాను. ఊర్లో అడుగడుగునా క్లచ్ తొక్కినప్పుడు వాసన లేదు. హైవే మీద క్లచ్ ముట్టకుండా ఎడమకాలు కింద పెట్టి పది నిమిషాలు నడిపితే వస్తోంది.

చిరాగ్‌పల్లి దగ్గర రోడ్డు పక్కన ఆపి దిగాను. ముందు పక్క వాసన లేదు, వెనక ఉంది. చక్రాల దగ్గర చెయ్యి పెట్టడానికి భయమేసింది. సీసాలో నీళ్లు వేళ్లకు తడుపుకుని, రొట్టె వేసే ముందు పెనం కాగిందో లేదో చూడటానికి చిలకరిస్తామే, అలా ఒక్కో చక్రం మీద చిలకరించాను. మూడు చక్రాల మీద నీళ్లు ఊరికే జారిపోయాయి. ఎడమవైపు వెనక చక్రం మీద సుయ్యిమన్నాయి. ఎంత సంతోషమేసిందంటే రోడ్డు మీద ఒక్కదాన్నే నవ్వాను.

అక్కడికి దగ్గర్లోనే నాగప్ప మెకానిక్ షెడ్డు. మెల్లగా తీసుకెళ్లాను.

"సార్‌కు ఫోన్ చెయ్యున్రి మేడం, సార్‌తోని మాట్లాడ్త" అన్నాడు.

"నడిపేది నేను. నాకే చెప్పన్నా."

జర ఇబ్బంది పడ్డాడు గానీ, జాకీ పెట్టి చక్రం తిప్పి చూశాడు. తిరగలేదు. విప్పితే లోపల బ్రేకులు నల్లగా మాడి ఉన్నాయి. "హ్యాండ్‌బ్రేక్ కేబుల్ మేడం. మీరు లివర్ దించినా గిది ఎనక్కి వస్తలేదు. బ్రేక్ పట్టుకునే ఉంటది, మీరు నడుపుతనే ఉంటరు. ఎవరో గట్టిగ గుంజి గుంజి ఖరాబ్ చేసిన్రు. మీ పని కాదులెండి, ఆడోళ్ల చేతికి గంత జోరు ఉండది."

ఇంట్లో ఏ మాటతో నన్ను దోషిని చేశారో, ఇక్కడ అదే మాటతో విడుదల చేశారు. నేను బండి పెట్టి లోపలికి రాగానే దేవరాజ్ రోజూ వెళ్లి హ్యాండ్‌బ్రేక్ ఇంకో రెండు పళ్లు పైకి గుంజుతాడు. "నువ్వు గుంజితే ఆగది" అంటాడు. నేను కట్టేసిన గ్యాస్, నేను వేసిన తాళం కూడా మళ్లీ చూస్తాడు.

నాగప్ప కేబులూ బ్రేకులూ కొత్తవి వేశాడు. ఈలోపు ఆలస్యమవుతుందని, మెకానిక్ దగ్గరున్నానని దేవరాజ్‌కు మెసేజ్ పెట్టాను. పాతవి కవర్లో పెట్టి, "సార్‌కు చూపెట్టున్రి" అన్నాడు. పక్క సీట్లో సాక్ష్యం పెట్టుకుని దారంతా వాదన తయారు చేసుకున్నాను. వాసన ఎక్కడొచ్చింది, నీళ్లు ఏ చక్రం మీద సుయ్యిమన్నాయి, కేబుల్ ఎవరి చేతిలో పాడైంది. ఒక్కో మాటా నోట్లో తియ్యగా తిరిగింది. జహీరాబాద్ దగ్గరపడుతుంటే ఒక అనుమానం వచ్చింది. ఒకవేళ నిజంగా క్లచ్చే అయితే? నేనే కాల్చి ఉంటే? పోయినేడు రివర్స్ తీస్తూ దేవరాజ్ ప్రహరీ గోడ పడగొట్టాడు. మర్నాడు మేస్త్రీని పిలిచారు. తాళం చెవి ఇచ్చెయ్యమని ఆయన్నెవరూ అడగలేదు. మూడు వారాలుగా నేను నిర్దోషినని రుజువు చేసుకునే పనిలో ఉన్నాను. ఆ పని నాకెవరు అప్పజెప్పారో, నేనెందుకు ఒప్పుకున్నానో తెలియలేదు.

అమర్నాథ్ ఒకరోజు ముందే వచ్చి వరండాలో టీ తాగుతున్నాడు. "వచ్చినవా వదినా" అని నవ్వాడు. కవరు సీటు మీదే వదిలేసి దిగాను. దేవరాజ్ తాళం చెవి కోసం చెయ్యి చాపాడు.

"ఏమన్నడు మెకానిక్? క్లచ్చే గదా?"

"క్లచ్చే అనుకోన్రి. నేనే కాల్చిన అనుకోన్రి" అన్నాను. "అయినా బండి ఇయ్యను."