చిరుగేది మాస్టారూ?

షాపుకి ఫోన్‌లో ఒక పేజీ పెడదామని మా కోడలు అన్నప్పుడు, ఆమె అడిగిన మొదటి ప్రశ్నే నన్ను చిక్కులో పడేసింది.

"మీ పని కనిపించే ఫొటో ఏది పెడదాం మామయ్యా?"

నాది రఫూ పని. బట్ట చిరిగితే అదే బట్ట లోపలి మడతలోంచి దారాలు లాగి, పడుగూ పేకా మళ్ళీ అల్లి, చిరిగిన సంగతే తెలియకుండా చేస్తాను. పని కుదిరితే చూడడానికి ఏమీ ఉండదు. కుదరకపోతేనే ఉంటుంది. మరి ఏది చూపించాలి?

చూపించక తప్పని పరిస్థితే. నెలకి పది బట్టలు కూడా రావడం లేదు. పక్కన ఫోన్లమ్మే ఆయన నా గది కూడా తనకే కావాలంటున్నాడు. ఉంటానో ఖాళీ చేస్తానో నెలాఖరుకల్లా చెప్పమన్నారు ఓనరుగారు. నేను డిగ్రీ చదివింది ఆర్థికశాస్త్రం. పని నేర్చుకున్నది మా మామగారి దగ్గర. ఆ గదిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు మా ఆవిడా నేనూ ఎదురుబొదురుగా కూర్చున్నాం. ఆమె పోయి నాలుగేళ్ళు. ఇంట్లో నాకు ఏ లోటూ లేదు కానీ, ఇంట్లో సూది పట్టుకుంటే చెయ్యి కుదరదు. షాపులో అయితే మధ్యాహ్నం రెండింటికి ఎదురు మేడ అద్దాలకి తగిలిన ఎండ తిరిగొచ్చి సరిగ్గా నా బల్ల మీద పడుతుంది. నా కోసం ఎవరో పెట్టిన అద్దాలు కావవి. అయినా రోజూ మనసులో ఆ మేడవాళ్ళకో దణ్ణం పెట్టుకుంటాను.

"రిపేరుకి ముందు ఒకటి, తర్వాత ఒకటి పెడదాం," అంది కోడలు. ఆమెకి ఆఫీసు పొద్దుటి పూటే. మధ్యాహ్నాలు షాపుకొచ్చి కూర్చుంటుంది.

మోకాలి దగ్గర చిరిగిన గోధుమరంగు ప్యాంటు పెట్టాం. కింద రాతలు మొదలయ్యాయి. 'రెండోది కొత్త ప్యాంటు.' 'జనం చెవిలో పువ్వులు బాగా పెడుతున్నారు.' ఒకాయన ఏమీ రాయకుండా నవ్వే మొహాలు పదకొండు పెట్టాడు. పదకొండే ఎందుకో ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు.

"పని ఎంత బాగా చేస్తే అంత దొంగనైపోతున్నానే అమ్మాయ్!"

"పోనీ ఒక్కటి కాస్త బాగోకుండా చెయ్యండి మామయ్యా. నమ్ముతారు."

"నిన్ను కూర కాస్త మాడ్చమంటే మాడుస్తావా?"

"నేను మాడ్చక్కర్లేదు. అదే మాడుతుంది," అంది. ఇద్దరం నవ్వుకున్నాం గానీ పని మాత్రం రాలేదు.

అప్పుడొచ్చింది ఎర్ర కోటు. తెచ్చిన అమ్మాయి తలుపు దగ్గరే నిలబడి వీధి వైపు రెండుసార్లు చూసింది. మోచేతి పైన, గేటు మేకుకి తగులుకున్న చిరుగు. "ఎవరికీ తెలియకూడదు మాస్టారూ," అంది. "తెలియదమ్మా," అన్నాను. రెండు రోజులు పట్టింది. తీసుకెళ్ళేటప్పుడు ఆ అమ్మాయే చిరుగు ఎక్కడుండేదో వెతుక్కుంది.

కోడలు ఆ కోటుకి ముందూ తర్వాతా ఫొటోలు తీసి పెడతానంటే నేను ఆలోచించలేదు. మనిషి మొహం లేదు కదా, కోటుని చూసి ఎవరు గుర్తుపడతారు అనుకున్నాను.

నలభై వేల మంది చూశారట. మోసమని కొందరు, రెండు ఫొటోల్లోనూ మూడో గుండీ మాత్రం నల్లగా వేరుగా ఉంది కాబట్టి కోటు ఒకటేనని కొందరు, ముక్కూమొహం తెలియనివాళ్ళు ఒకళ్ళనొకళ్ళు తిట్టుకున్నారు. నలభై వేలలో బట్ట పట్టుకుని వచ్చింది ఇద్దరు.

"కోటు తాలూకు మనిషి ఒక్కసారి వచ్చి, ఇదిగో చిరుగు ఇక్కడుండేది అని వీడియోలో చెబితే చాలు మామయ్యా. మీ గది ఎక్కడికీ పోదు," అంది కోడలు.

నెలాఖరు ఇంకా మూడు రోజులుందనగా ఆ ఎర్ర కోటు మళ్ళీ వచ్చింది. తెచ్చింది మాత్రం ఆ అమ్మాయి కాదు. వయసులో పెద్దావిడ.

"ఇది నా కోటు మాస్టారూ. నేను ఊళ్ళో లేనప్పుడు మా చెల్లెలు వేసుకెళ్ళింది. ఫొటో చూసి అడిగితే, 'అలాంటి కోట్లు లోకంలో ఎన్ని లేవక్కా' అంటోంది. ఈ గుండీ నేను కుట్టింది. లోకంలో ఎన్ని ఉంటాయి? పొద్దుట్నుంచీ కిటికీ దగ్గర పెట్టుకుని చూస్తున్నా. కళ్ళు కాయలు కాశాయి. చిరుగేది మాస్టారూ? చూపించండి."

కోడలు చేతిలోకి ఫోన్ ఎప్పుడొచ్చిందో తెలియదు. "వీడియో తియ్యొచ్చాండీ?"

"తియ్యమ్మా. దానికి చూపించాలి. కోటు పోతే పోనీ. నా మొహం మీదే అబద్ధం ఆడిందా లేదా, అది తేలాలి నాకు."

కోటు నా బల్ల మీద, ఎండలో పరిచి ఉంది. ఆ చోటు నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. వేలు పెడితే గది నిలుస్తుంది. నలభై వేల మందికీ జవాబు దొరుకుతుంది. ఇంతకంటే మంచి ఫొటో మళ్ళీ రాదు. కానీ తెలియదమ్మా అని మాటిచ్చింది నేను. ఆ మాట అప్పటికే సగం తప్పిందీ నేనే. ఇది నేను కుట్టిన కోటు కాదంటే ఈవిడతో నేనూ అబద్ధం ఆడినట్టు. ఏ దారం లాగితే ఏది ఊడుతుందో తోచలేదు.

"ముందు ఆ ఫొటో తీసెయ్యమ్మాయ్," అన్నాను.

"మామయ్యా! నలభై వేలు!"

"తీసెయ్యమ్మా. పెట్టనివ్వడమే నా తప్పు."

ఆమె నా మొహంలోకి చూసింది. ఇంకేమీ అడగకుండా తీసేసింది. ఆ అడగకపోవడం ఎంత పెద్ద ఉపకారమో ఆమెకి తెలియదు.

"అంటే ఇదే కోటన్నమాట," అంది పెద్దావిడ.

"నేననలేదమ్మా."

"కాదని కూడా అనలేదు."

"అదీ అనలేదు."

"మరేమంటున్నారు?"

"నాకే తెలియడం లేదమ్మా. నా దగ్గరికి ఎవరి బట్ట వచ్చిందో, ఎవరిది రాలేదో చెప్పకూడదు. అంతవరకే తెలుసు."

పెద్దావిడ వెళ్ళి మా ఆవిడ కుర్చీలో కూర్చుంది. కోటు ఒళ్ళో వేసుకుని ఆ నల్ల గుండీ అటూ ఇటూ తిప్పింది. కోపం తగ్గిందో పెరిగిందో నేను పోల్చుకోలేకపోయాను.

"మా చెల్లెలొచ్చి అడిగినా ఇంతేనా? చెప్పరా?"

"చెప్పనమ్మా."

"ఈ అమ్మాయి వీడియో?"

"తియ్యనండీ," అంది కోడలు, ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి.

ఆవిడ వెళ్ళిపోయి, గంటలో ఒక సంచీతో తిరిగొచ్చింది. అందులో ఇంకో సంచీ, అందులో నీలం శాలువా, మధ్యలో జానెడు చిరుగు. "ఇది మా చెల్లెలిది. బీరువా తలుపులో పడి చిరిగింది. రెండేళ్ళ నుంచీ దాచిపెట్టాను. పోయిందనుకుని అది ఇల్లంతా వెతికింది. నేనూ పక్కనే ఉండి వెతికాను," అంది గోడ వైపు చూస్తూ.

ఆ సాయంత్రం కోడలు పేజీలో ఫొటోలన్నీ తీసేసి ఒక్క ముక్క రాసింది: 'ఇక్కడ చూడడానికి ఏమీ ఉండదు. ఎవరి బట్టో ఎవరికీ చెప్పం.'

ఇక షాపు మూసేసినట్టే అనుకున్నాను. మర్నాటి నుంచీ పేజీకి ఉత్తరాలు రావడం మొదలైంది, అందరికీ కనిపించేచోట కాదు, చాటుగా. 'మా ఆయన సూటు తేవచ్చా? ఆయనకి తెలియకూడదు.' 'మా బాస్ స్వెట్టరు.' 'మా అత్తగారి దుప్పటి, అర్జంటు.' నెలాఖరుకి తొమ్మిది. చూపిస్తే నమ్మనివాళ్ళు, చూపించనంటే ఎలా నమ్ముతున్నారో నేను చదివిన ఆర్థికశాస్త్రంలో లేదు.

ఓనరుగారు వచ్చేసరికి నేను శాలువా అంచులోంచి దారం లాగుతున్నాను.

"ఏం చేస్తారు మరి?"

"ఉంటానండీ."

ఆయన ఫోన్‌లో మా పేజీ తెరిచి, పైకీ కిందకీ జరిపి చూశారు. "ఇందులో ఏమీ లేదేమిటండీ! దీంతో ఎలా నడుస్తుంది షాపు?"

నేను కోడలి వైపు చూశాను.

"నన్నడక్కండి," అంది ఆమె, సూది కోసం నాకు దీపం దగ్గరగా జరుపుతూ. "నాకూ తెలీదు."