కావ్య ఒక్కపొద్దు

నా మనుమరాలు కావ్యకు ఆరేళ్లు నిండినా మాట రాలేదు. చెవులు బాగానే పనిచేస్తాయి. ఆకలైతే నా చెయ్యి పట్టుకుని అన్నం గిన్నె దగ్గరికి లాగుతుంది, అంతే. పెద్ద దవాఖానలో చూపిస్తే ఆటిజం అన్నారు. దీనికి మందు లేదు, ఓపికగా నేర్పించుకోవాలి అన్నారు.

నేర్పించే కేంద్రం హనుమకొండలో ఉంది. అక్కడి ఫీజు నా కూతురు యమున కూలికి అందేది కాదు. అల్లుడు పిల్ల సంగతి తెలిసిన ఏడాదే వేరే కాపురం పెట్టాడు. అయితే ఆ విద్య మీద పెద్ద చదువు చదివే పిల్లలు, తాము నేర్చుకుంటూ నేర్పిస్తే ఫీజు ఉండదని కేంద్రం వాళ్లు చెప్పారు. అట్లా మాకు స్వప్న దొరికింది. మట్టెవాడ పిల్ల. తండ్రి ఇస్సాకు ఆటో నడుపుతాడు.

మంగళవారం, శుక్రవారం నెక్కొండలో రైలెక్కేదాన్ని. వరంగల్‌కు కూరగాయలు తీసుకుపోయే ఆడవాళ్లు నన్ను చూసి నవ్వేవారు.

"ఏందే భద్రమ్మా, మనుమరాలిని కాలేజీకి తోల్కపోతున్నవా?"

"కాలేజీ గాదే. మాట కొనుక్కరానీకి పోతాన."

"కిలో ఎంతనే? నా మొగనికి ఎక్కువైంది, జర అమ్ముకస్తవా?"

నేనూ నవ్వేదాన్ని.

స్వప్న నేర్పే తీరు మొదట నాకు వింతగా ఉండేది. చిన్న బల్ల మీద కారం బూందీ పళ్లెం పెట్టుకునేది. ఒక్క గింజ తీసి కావ్య కళ్ల ముందు పట్టుకుని, "పెట్టు" అనేది. పిల్ల పెదవి కదిపినా సరే, గింజ నోట్లో వేసేది. కదపకపోతే మళ్లీ అనేది. గంటలో వందసార్లు అనేది. ప్రతిసారీ కాగితం మీద గీత గీసుకునేది. ఆ కాగితం పైన కొన్ని వరుసలుంటాయి. పిల్ల నిద్రపోయిందా, జ్వరమున్నదా, ఎప్పుడు తిన్నది, ఏం తిన్నది. రోజూ నన్ను అడిగి అవి నింపిన తర్వాతే పని మొదలు పెట్టేది.

"అమ్మమ్మా, ఇంట్ల బూందీ పెట్టకున్రి," అని మొదటి రోజే చెప్పింది. "కడుపు నిండినోళ్లు అడుగుతరా? ఇక్కడ దొరికేది ఇక్కడనే దొరకాలె."

నాలుగు నెలలకు కావ్య "పె" అనడం మొదలుపెట్టింది. ఒక రోజు అంటే మూడు రోజులు అనేది కాదు. "పె" అన్న రోజు రైలులో పిల్ల తల నా ఒళ్లో పెట్టుకుని, దిగాల్సిన స్టేషన్ దాటిపోతుందేమోనని కూడా చూడలేదు నేను.

ఒక మంగళవారం స్వప్న ముఖం వాడిపోయి ఉంది. అడిగితే చెప్పింది.

"శుక్రవారం ట్రస్టోళ్లు వస్తాండ్రు అమ్మమ్మా. స్కాలర్‌షిప్ కోసం ఆర్గురం పెట్టుకున్నం, ఇద్దరికే ఇస్తరు. ఎవరు నేర్పిన పిల్ల ఎంత నేర్చుకున్నదో వాళ్ల కండ్లతోని చూస్తరట."

"రాకపోతే?"

"రాకపోతే చదువు బంద్. మా నాయనకు నడుం ఆపరేషన్ అయింది. ఏదన్న బట్టల షాపుల నిలబడ్త."

"మరి మా పిల్ల?"

స్వప్న కాగితాలు సర్దుకుంది. జవాబు నాకు తెలుసు.

ఆ వారం యమున పత్తి ఏరడానికి కూలీల ముఠాతో తొర్రూరు వైపు పోయి ఉంది. ఇంట్లో నేనూ కావ్యే. బుధవారమంతా ఆలోచించాను. మా ఇంట్లో ఏ గండం వచ్చినా ఐనవోలు మల్లన్నకు మొక్కి, ఏమీ తినకుండా ఒక్కపొద్దు ఉంటాం. నా భర్తను పాము కరిచినప్పుడు ఉన్నాను, యమున కాన్పు కష్టమైనప్పుడు ఉన్నాను. ఇప్పుడు స్వప్న కోసం ఉండాలనుకున్నాను. అప్పుడే ఆమె మాట గుర్తొచ్చింది. కడుపు నిండినోళ్లు అడుగుతరా? దేవుడి మాటా చదువుకున్న పిల్ల మాటా ఒకటే అయినట్టు తోచింది. పిల్లను కూడా ఒక్కపొద్దు ఉంచుదామనుకున్నాను.

గురువారం మధ్యాహ్నం ఇద్దరం తిన్నాం. అదే ఆఖరు. సాయంత్రం కావ్య నా చెయ్యి పట్టుకుని గిన్నె దగ్గరికి లాగింది. చెయ్యి విడిపించుకుని నీళ్లు తాగించాను. రెండోసారి లాగింది. మూడోసారి లాగలేదు. గోడ దగ్గర కూర్చుని మణికట్టు కొరుక్కుంది. నేను అటువైపు తిరిగి కూర్చున్నాను.

శుక్రవారం కేంద్రంలో ట్రస్టు నుంచి కిషన్ రావు అనే పెద్దాయన, ఇంకొకామె వచ్చారు. స్వప్నకు పాఠం చెప్పే వినోద మేడం పక్కన నిలబడింది. స్వప్న తొందర తొందరగా బల్ల సర్దింది. ఆ రోజు నన్ను ఏమీ అడగలేదు. పైవరుసలు ముందే నింపుకుని వచ్చింది.

బూందీ పళ్లెం బయటికి రాగానే కావ్య రెండు చేతులూ బల్ల మీద పెట్టింది.

"పెట్టు," అంది.

"పె" కాదు. మొత్తం మాట. గొంతు బొంగురుగా, పెద్దమనిషి గొంతులా వచ్చింది. స్వప్న గింజ వేసింది. "పెట్టు." మళ్లీ వేసింది. "పెట్టు. పెట్టు." గీతలు గీయడానికి స్వప్నకు చెయ్యి ఆడలేదు. కిషన్ రావు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. చప్పుడైతే పిల్ల బెదురుతుందని ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నేను మాత్రం మల్లన్నకు దండం పెట్టుకున్నాను.

పళ్లెం ఖాళీ అయ్యాక మమ్మల్ని వరండాలో కూర్చోమన్నారు. అక్కడ కావ్య వాంతి చేసుకుంది. నూనె, పసుపు నీళ్లు, నమలకుండా మింగిన గింజలు. స్వప్న తడిగుడ్డ తెచ్చి తుడుస్తూ అడిగింది.

"పొద్దున ఏం తిన్నది అమ్మమ్మా?"

"ఏం తినలే బిడ్డా. ఒక్కపొద్దున్నది."

"ఎవరు?"

"ఇద్దరం. నిన్న పగటీలి సంది. నువ్వు ఫికర్ చెయ్యకు, ఇగ తినిపిస్త."

స్వప్న చెయ్యి ఆగిపోయింది. వినోద మేడం వెనకే ఉంది, అంతా విన్నది. గొంతు తగ్గించి, "ఇప్పుడేం చెప్పకు. కాయితం ఇచ్చేసినవ్. పొద్దున ఇడ్లీ తిన్నదని నీ చేత్తోనే రాసినవ్," అంది.

స్వప్న ఆ గుడ్డ పిండి కిటికీకి ఆరేసింది. తర్వాత లోపలికి పోయింది. తలుపు తెరిచే ఉంది. ఆమె చెప్పింది మొత్తం నాకు వినపడింది. నేనూ లేచిపోయి, తప్పు నాదని, పిల్లను పస్తుంచింది నేనేనని కిషన్ రావు గారికి చెప్పాను.

"మీ తప్పు గాదమ్మా," అన్నారాయన. "మీరు మంచికే చేసిన్రు." ఆ తర్వాత స్వప్నతో మెల్లగా మాట్లాడారు. "నిజం చెప్పినవ్, సంతోషం. కాని అడగకుండ రాసినవ్ గద తల్లీ. రేపు ఇంకో పిల్లకు జ్వరమున్నా లేదని రాస్తే? మేము ఎట్ల ఇయ్యాలె?"

ఆయన గట్టిగా తిట్టినా బాగుండేది.

స్వప్న ఎదురుగా ఉన్న బండి దగ్గర అరటిపండ్లు కొనుక్కొచ్చింది. మెట్ల మీద కూర్చుని చిన్న చిన్న ముక్కలు తుంచి కావ్య నోట్లో పెట్టింది. ఒక్కసారి కూడా అడిగించలేదు.

"ఎందుకు చెప్పినవ్ బిడ్డా?" అన్నాను.

"చెప్పకుంటే మంగళవారం గూడ పస్తుతోనే తోల్కస్తవ్ గద అమ్మమ్మా."

వాంతి కాకముందే నేను అట్లా అనుకుని ఉన్నాను.

స్కాలర్‌షిప్ వేరే ఇద్దరికి ఇచ్చారు. నెలాఖరుకు స్వప్న చదువు ఆపేసింది. చౌరస్తాలో చీరల షాపులో నిలబడుతుందని విన్నాను. ఆ దారిన నేను పోలేదు. కావ్యకు ఇంకొకరిని చూడండని అడిగితే, ఉన్న విద్యార్థులందరికీ పిల్లలున్నారు, వచ్చే ఏడాది కొత్తవాళ్లు వచ్చాక చూద్దామన్నారు.

ఆ శుక్రవారం దాటిన ఆదివారమే యమున తొర్రూరు నుంచి వచ్చింది. వేళ్ల నిండా పత్తికాయ గీరిన గాట్లు. జరిగింది మొత్తం చెప్పాను, ఏమీ దాచలేదు. ఆమె అందులో ఒక్క ముక్కే పట్టుకుంది.

"సక్కగ అన్నదా అమ్మా? పెట్టు అని?"

"అన్నది."

"ఎన్నిమాట్ల?"

"లెక్క పెట్టలే."

మర్నాడు పొద్దున నేను అన్నం కలిపి తెచ్చేసరికి యమున పళ్లెం నా చేతిలోంచి తీసుకుంది. కావ్య ముందు కూర్చుంది, పళ్లెం పైకెత్తి పట్టుకుంది.

"పెట్టు అను. మా అమ్మ గద. పెట్టు అను."

కావ్య పళ్లెం వంక చూసింది. తర్వాత గోడ వంక చూసింది. యమున పళ్లెం ఇంకొంచెం పైకి ఎత్తింది. ముఠా ఆటో వచ్చి బయట హారన్ కొట్టింది. ఆమె కదల్లేదు.

"ఇయ్యే యమునా. పిల్లకు ఆకలైతాంది."

"ఆకలి గానీ. ఆకలైతెనే గద అంటది."

నేను పళ్లెం గుంజుకున్నాను. మెతుకులు కింద పడ్డాయి. నా కూతురు నన్ను కొట్టడానికన్నట్టు చెయ్యెత్తి, దించుకుంది.

"నువ్వు ఇన్నవ్. ఎవలో ట్రస్టోళ్లు ఇన్నరు. కన్నదాన్ని, నాకొద్దా?"

కావ్యకు ముద్ద పెట్టాను. ఇంకోటి పెట్టాను. యమున సద్ది గిన్నె మరిచిపోయి ఆటో ఎక్కింది.

అప్పటి నుంచి నేను అందరికంటే ముందు లేస్తున్నాను. తల్లి నిద్ర లేచేలోపే పిల్లకు కడుపునిండా తినిపిస్తున్నాను.