తావ్ ముసలాయన జుట్టు

కొత్త రాజులొచ్చి లూషీ పట్నంలో మార్చింది ఏమిటయ్యా అంటే, ఏమీ లేదు. మింగ్ రాజులకు బియ్యం పన్ను వసూలు చేసిన గుమాస్తాయే, అదే అరుగు మీద కూర్చుని, ఇప్పుడు మంచూ రాజులకు వసూలు చేస్తున్నాడు. ఆ దొంగ కొలతా అదే. మారవలసినవి మాత్రం మగవాళ్ళ తలలట! ముందంతా నున్నగా గొరిగించుకుని వెనక జడ వేసుకోవాలి. ఈ సాయంత్రానికి గొరిగించుకోనివాడి తల తీసేస్తారు.

నీలిమందు అద్దకం చేసే తావ్ రుయ్ పొద్దున్నే గొరిగించుకొచ్చాడు. అతని బెంగల్లా తండ్రి గురించే.

"కన్నవాళ్ళిచ్చిన జుట్టురా ఇది. దీనికి కత్తి పెట్టించుకుని, రేపు చచ్చాక మా నాన్నకి ఏ మొహం చూపించను?" అన్నాడు ముసలాయన, నడినెత్తిన ముడి బిగించుకుంటూ. "ముందు నీ బోడిగుండు అవతల పెట్టు, చూడలేక చస్తున్నా."

"తలే లేకపోతే ఏ మొహం చూపిస్తావు నాన్నా?"

"పోరా వెధవా!"

ఇక లాభం లేదనుకున్నాడు రుయ్. మధ్యాహ్నం బియ్యపు సారా వెచ్చబెట్టి గిన్నె మీద గిన్నె పోశాడు. కొడుకు ఆఖరి మర్యాద చేస్తున్నాడనుకుని ముసలాయన సంతోషంగా తాగి ఒరిగిపోయాడు. రుయ్ ఏడుస్తూనే గొరిగాడు. ఆ తెల్లజుట్టు పారెయ్యడానికి చేతులు రాక, గుడ్డలో మూటగట్టి, పూర్వుల పేర్లు రాసి పూజించే కొయ్యపలకల ముందు పెట్టాడు. కత్తిని కూడా అక్కడే మరిచాడు. సిపాయిలు వచ్చారు, చూశారు, పోయారు.

మెలకువ వచ్చి ముసలాయన తల తడుముకున్నాడు. తిట్టలేదు. నాలుగు తగిలించినా బాగుండేది పాపం. ఆనాటి నుంచి కొడుకుతో మాట మానేశాడు. పలకలున్న గదిలో అడుగు పెట్టలేదు.

నెల తిరక్కముందే, జుట్టు దక్కించుకోడానికి చిత్తడి నేలల్లోకి పారిపోయిన కుర్రాళ్ళు ఈటెలతో తిరిగొచ్చి సిపాయిలను తరిమేశారు. హమ్మయ్య అనుకునేలోపే ఇళ్ళ సోదా మొదలైంది. బలవంతాన గొరిగించుకున్నవాళ్ళను వదిలేస్తారట. తన చేత్తో కత్తి పట్టి గొరిగినవాణ్ణి మాత్రం వంతెన దగ్గర నరికేస్తారట. వాళ్ళ నాయకుడు రుయ్ ఇంట్లో ఆ మూట విప్పి, కత్తి పైకెత్తాడు.

"తెల్లజుట్టు! ఎవడ్రా గొరిగింది? నువ్వేనా?"

రుయ్ నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు.

"వాడి మొహం! వాడికి గుమ్మడికాయ కొయ్యడమే చేతకాదు." ఇన్నాళ్ళకు ముసలాయన మాట్లాడాడు. "నాది నేనే గొరుక్కున్నా. వాడు వద్దు మొర్రో అంటుంటే కట్టేసి వాడికీ గొరిగా. ప్రాణమంటే తీపి కదా నాయనా, ఏం చెయ్యను?"

"థూ! ఈ వయసులోనా?" నాయకుడు ఆయన మొహాన ఉమ్మాడు. కన్నవాళ్ళిచ్చిన జుట్టని వీధి వీధికీ చెప్పి తిరిగిన మనిషిని, ఆ వీధులన్నీ చూస్తుండగా రెక్కలు పట్టి వంతెన వైపు ఈడ్చారు.

"అది కాదయ్యా, మా నాన్న..." అంటూ రుయ్ వెంటపడ్డాడు.

"నోర్ముయ్యి!" ముసలాయన వెనక్కి తిరిగి కసిరాడు. "పెద్దవాళ్ళ మధ్య నీకేం పని? ఇంట్లోకి పో."

రుయ్ నోరు మూసుకున్నాడు. ఇంట్లోకి వెళ్ళాడు. ఆ ఒక్కసారీ తండ్రి మాట విన్నాడు, దిక్కుమాలినవాడు.