పెద్దమ్మ పక్క ముక్క

ల్యాబులో అందరూ ఆ బ్లాకును పెద్దమ్మ అనేవారు. అగ్గిపెట్టె కన్నా చిన్న మైనపు దిమ్మ, దాని మధ్య ఎవరిదో రొమ్ము గడ్డలోంచి తీసిన కండ. హార్మోను ప్రోటీను పరీక్షకు ఏ కొత్త ముక్క వచ్చినా, పక్కన పెద్దమ్మ పొర ఒకటి అంటించి రంగు వేస్తారు. పెద్దమ్మ గోధుమరంగు తేలితే రంగు సరిగ్గా పట్టినట్టు. తేలకపోతే ఆ రోజు పనంతా చెత్తబుట్టకే.

"పెద్దమ్మ ఎలా ఉంది ఇవాళ?" అని రంగులు వేసే బాబాయ్ రోజూ అడిగేవాడు.

"నీకంటే నయం, నిగనిగలాడుతోంది" అనేది కోతమ్మాయి. కోత యంత్రం చక్రం తిప్పి, ఉల్లిపొర కన్నా పల్చగా పొరలు తీయడం ఆమె పని. ఆ పేరు అలా వచ్చింది.

ఆ రోజు డాక్టరు మేడమ్ ఒక పాత బ్లాకు నంబరు చెప్పి వెతికి తెమ్మంది. ఒక పంతులమ్మది. ఆపరేషనై ఏళ్ళయింది. కొత్తగా వచ్చిన ప్రోటీను పరీక్ష ఆ పాత ముక్క మీద చేసి, జబ్బు తిరగబెట్టే ప్రమాదం తక్కువని తేలితే, జబ్బు మళ్ళీ రాకుండా ఆమె వాడుతున్న, కీళ్ళు పట్టేసే మాత్రలు ఇక మానెయ్యొచ్చు.

అరలో ఆ నంబరు చోటు ఖాళీగా ఉంది. ఆ ఖాళీ చేసింది కోతమ్మాయే. రంగు సరిచూసుకోడానికి బాగా రంగు పట్టే పాత ముక్క కావాలని బాబాయ్ అడిగితే, మెరుగ్గా ఉందని అప్పట్లో తనే తీసింది. వెళ్ళి పెద్దమ్మను పక్కకు తిప్పి చూసింది. అదే నంబరు.

ఐసు మీద చల్లబరిచి, ఊపిరి బిగబట్టి చక్రం తిప్పింది. మైనమే వచ్చింది, అక్కడక్కడా నలుసంత కండతో. మామూలు రంగు వేసి ఇస్తే మేడమ్ మైక్రోస్కోపులో చూసి తల అడ్డంగా ఊపింది.

"లెక్కపెట్టడానికి కణాలేవీ? ఇంకో బ్లాకుందా?"

"గడ్డ చిన్నది మేడమ్. ఇదొక్కటే. మన పెద్దమ్మే ఇది."

మేడమ్ కాసేపు కళ్ళద్దాలు తుడుచుకుంది. "ముక్క చాల్లేదని చెప్పు. అబద్ధమేం కాదుగా."

అబద్ధం కాకపోవడమే కోతమ్మాయికి ముల్లులా గుచ్చుకుంది.

పంతులమ్మ వరండా బెంచీ మీద కూర్చుని వేళ్ళు ఒక్కొక్కటే నొక్కుకుంటోంది.

"ముక్క చాల్లేదండీ" అంది కోతమ్మాయి, నేలకేసి చూస్తూ.

"అయ్యో! ఇంకాస్త కొయ్యండని ఆ రోజే నేను చెప్పాల్సింది" అని నవ్వింది పంతులమ్మ. "నీదేం తప్పులే తల్లీ."

కోతమ్మాయి తలుపు దాకా వెళ్ళింది. వెనక్కి వచ్చింది.

"చాలినంత ముక్కే ఉండేదండీ. మేమే వాడేశాం. నేనే." సంగతంతా చెప్పింది, పెద్దమ్మ అని పేరు పెట్టుకోవడంతో సహా.

పంతులమ్మ నవ్వు మెల్లగా ఆగింది. "అంటే నా ముక్కను చూసి మిగతావాళ్ళవి సరిచూశారు."

"అవునండీ."

"మంచి పనే. మరి నన్నొక్క మాట అడగలేదేం?"

అడగాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు, అంతే.

"పక్కవాడి పెన్సిలు అరిగిపోయేదాకా చెక్కేసే పిల్లలు మా ఒకటో తరగతిలో ఉంటారు. వాళ్ళని నిలబెడతాను. నువ్వెలాగూ నిలబడే ఉన్నావు." మళ్ళీ వేళ్ళు నొక్కుకుంటూ అడిగింది. "అయితే మాత్రలు?"

"ఇంకొన్నాళ్ళు వాడమంటారేమోనండీ."

పంతులమ్మ సంచీ జిప్పు లాగబోయింది. వేళ్ళు మాట వినలేదు. కోతమ్మాయి చెయ్యి చాచింది. పంతులమ్మ సంచీని తన వైపు జరుపుకుంది.

"నేను వేసుకుంటాలే."

జిప్పు పడేదాకా కోతమ్మాయి అక్కడే నిలబడింది.

మర్నాడు బాబాయ్ కొత్త బ్లాకు ఒకటి తెచ్చి యంత్రం పక్కన పెట్టాడు. "రంగు అదిరిపోయింది. ఈవిడకేం పేరు పెడదాం? చిన్నత్త అందామా?"

కోతమ్మాయి దాన్ని పక్కకు తిప్పి నంబరు చూసింది.

"ఆవిడకి పేరుండే ఉంటుంది బాబాయ్. ముందు ఆవిణ్ణి అడగాలి" అంది. చక్రం తిరక్కుండా వేసిన తాళం మాత్రం తీయలేదు.