దొర మంద ఇళ్లకు పోయిన రోజు

మా వాగు పొంగి, సుంకరి ఇంటి కప్పు మీద మూడు కోళ్లు మూడు రోజులు బతికిన ఏడు ఒకటుంది. ఆ వరద పోయిన రెండో ఏడు జరిగిందిది. డెబ్బై నాలుగో, డెబ్బై ఐదో.

ఇచ్చోడ దగ్గర మా ఊరు. దొర లక్ష్మీకాంతరావు. ఆయన గొర్రెలను కాసేవాణ్ణి నేను, బాలమల్లును. దొరకు రెండు వందల గొర్రెలు, అరవై పశువులు, ఒక టోపీ ఉండేవి. గడీ వరండాలో అద్దం కట్టిన బొమ్మ ఒకటుండేది. గుర్రం మీద టోపీ పెట్టిన ఆస్ట్రేలియా దొర, వెనక కనుచూపు మేర గొర్రెలు. ఆ బొమ్మ చూపించి హైదరాబాదులో కుట్టించిన టోపీ అది. అది పెట్టుకుని దొర వరండాలోనే తిరిగేవాడు. గొర్రెల దొడ్డిలో కాలు పెట్టేవాడు కాదు. వాసన పడదు.

"బొమ్మల ఆయనకు గుర్రం గూడ ఉన్నది. మీకు టోపీతోనే సరిపాయె" అనేది దొరసాని నిర్మలాదేవి.

అలాంటి దొరకు నిజం ఆస్ట్రేలియా దొరే వస్తున్నాడని కబురు వచ్చింది. అక్కడ లక్ష గొర్రెలున్న ఆసామి అట. జిల్లాలో మంచి మంద ఉన్న ఒక్కరికి రెండు సీమ పొట్టేళ్లు ఇస్తాడట. మా దొర ఎప్పుడో పొట్టేళ్ల కోసం పెట్టిన అర్జీలో రెండు వేల గొర్రెలు కలవని రాసి పెట్టాడు. జిల్లా అంతా తెలిసింది. ఇప్పుడు పొట్టేళ్లు రాకపోతే ఆ బొమ్మ కింద తలెత్తుకుని కూర్చోలేడు.

మూడు ఊళ్ల గొల్లలను పిలిపించాడు.

"రేపు అందరి గొర్లు నా బీట్లకు రావాలె. ఎవలడిగినా దొరయే అనాలె."

"అంటం దొరా. మా గొర్లు గూడ అనాల్నా?" అన్నాడు పక్క ఊరి అంతయ్య.

"నోర్ముయ్యి. గొర్రె పిల్లలను దొడ్లల్లనే ఉంచి రాండ్రి. తెల్ల సాయబు ముంగట లొల్లి జేస్తయి. పెద్ద గొర్లే కనవడాలె."

నేను నోరు తెరిచాను. "దొరా, పిల్లలు..."

"వద్దన్న గదరా!"

మూసుకున్నాను.

మరునాడు బీడు నిండింది. ఎటు చూసినా గొర్రెలే. పది గంటలకు రావలసిన సాయబు, ఇచ్చోడలో జీపు పంక్చరై నాలుగింటికి దిగాడు. ఎర్రటి మనిషి. ముక్కు ఇంకా ఎరుపు. వెంట పశువుల డాక్టరు. ఒక టోపీ ఇంకో టోపీతో చెయ్యి కలిపింది.

"అన్నీ మీవేనా అంటుండు" అన్నాడు డాక్టరు.

"మనయే" అన్నాడు దొర.

పొద్దు వాలింది. మా చీలిన చెవి గొర్రె తలెత్తి ఒక్క అరుపు అరిచింది. దాని వెనక ఇంకోటి. తర్వాత బీడంతా ఒకటే అరుపు. మంద మూడు పాయలుగా చీలి మూడు ఊళ్ల దారి పట్టింది. దొర టోపీ చేత్తో పట్టుకుని అడ్డం ఉరికాడు.

"ఆపుర్రి! అంతయ్యా, ఆపురా!"

"ఎట్లాపుతం దొరా? పాలు చేపినయి. పిల్లలు ఇంటి కాడ ఉండె."

కాసేపటికి బీట్లో పొట్టేళ్లు, ముసలి గొర్రెలు, ఇద్దరు దొరలు మిగిలారు. ఇవన్నీ ఎక్కడికి పోతున్నాయని సాయబు అడిగాడట. డాక్టరు దొరను చూశాడు. దొర నన్ను చూశాడు.

"చెప్పురా."

"పిల్లల కాడికి."

"ఎవల పిల్లల కాడికి?" అన్నాడు డాక్టరు.

"ఎవలయి వాళ్లయి."

సాయబు నా వెంట దొడ్డి దాకా నడిచి వచ్చాడు. మా ఇంటిది కొమురవ్వ తడక తీసింది. పిల్లలు ఎగిరి వచ్చాయి. ప్రతి గొర్రె తన పిల్లను వాసన చూసి పొదుగు ఇచ్చింది. ఇన్నింటిలో ఏ పిల్ల ఏ తల్లిదో ఈమెకు తెలుసా అని అడిగించాడు.

"మొఖం జూస్తె ఎరుక గాదా? ఈ సారు మొఖం గూడ యాడ జూసినా గుర్తు వడ్త. గా ముక్కు జూడు, దోరపండు తీరు" అంది కొమురవ్వ.

డాక్టరు ఆ మాట వాళ్ల భాషలో చెప్పలేదు.

సాయబు తన లక్షలో ఒక్కదాని మొహం కూడా తనకు తెలియదన్నాడు. పొద్దున మళ్లీ వస్తానన్నాడు. పొట్టేళ్లు కావాలంటే దొర తన చేత్తో ఒక పిల్లకు తల్లిని చూపాలట. ఎవరూ చెప్పకూడదట. దొర తడక బయటే నిలబడి అంతా విన్నాడు. కళ్లు మాత్రం పిల్లల మీదే ఉన్నాయి.

తెల్లారింది. సాయబు వచ్చేసరికి దొర దొడ్డిలో ఉన్నాడు. టోపీ లేదు. ముక్కుకు గుడ్డ లేదు. నేను ఒక మూల నిలబడ్డాను. సాయబు ఒక నల్ల పిల్లను వేలితో చూపించాడు.

దొర దాన్ని ఎత్తుకున్నాడు. గొర్రెల మొహాలు ఒక్కొక్కటీ చూశాడు. అన్నీ ఒక్కలాగే కనిపించి ఉంటాయి. చివరికి పిల్లను మెల్లగా కింద దించి వదిలేశాడు. అది కాళ్ల సందుల్లోంచి ఉరికి, చీలిన చెవి గొర్రె పొదుగు కింద దూరింది.

"గదే" అన్నాడు దొర.

సాయబు పడీపడీ నవ్వి, పొట్టేళ్ల కాగితం తెమ్మని డాక్టరుకు సైగ చేశాడు. దొర అటు చూడలేదు. వంగి ఇంకో పిల్లను ఎత్తుకున్నాడు.